రెక్క దూలం

"ఆ ఇటుకలు ఆడ పెట్టకక్కా. నీ కాళ్ళు మొక్కుత."

యాకమ్మ వినిపించుకోలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, వసారా మూలలో మూడో ఇటుకను కూడా పెట్టింది. అరచేత్తో అటూ ఇటూ కదిపి చూసింది. లేచి చేతుల మట్టి దులుపుకున్నాక గాని తోడికోడలి మొహం చూడలేదు.

"పద్నాలుగేండ్లు ఒక్క పొయ్యి మీద వండుకున్నం. నేనెన్నడన్న వేరు వోదమన్ననా? ఇయ్యాల్టి సంది నీ కుండ నీది, నా కుండ నాది."

"బావ చెప్పిండా గిట్ల చెయ్యమని?"

"మీ బావ నోరు తెరిస్తే నాకీ గతెందుకు? ఆరు రోజులాయె. అవునంటలేడు, కాదంటలేడు. మగ్గం గుంటల కూసుంటాండు, లేస్తాండు. నాడె పట్టిన చేతులవి సావిత్రీ. రంపం ఏ దిక్కు పట్టుకోవాల్నో గూడ ఎర్కలేదు నా మొగునికి. అసొంటోణ్ణి వాడకట్టంత ఇనేటట్టు 'నా రెక్క నరికినవ్' అన్నడు మీ ఆయన. అన్నడా, లేదా?"

"అన్నడు."

"తోడవుట్టినోడు అనే మాటనా అది?"

సావిత్రి గడప మీద కూర్చుండిపోయింది. యాకమ్మ లోపలికి పోయి తన పెళ్ళినాటి ఇత్తడి గిన్నె, గరిటె, ఉప్పు డబ్బా తెచ్చుకుంది. పప్పు డబ్బా దగ్గర ఒక్క క్షణం ఆగింది. దాన్ని పంచడం చేతకాక అక్కడే వదిలేసి, బిందె తీసుకుని నల్లా దగ్గరికి పోయింది.

ఆరు రోజుల నుంచి ఆ ఇంట్లో అన్నదమ్ములకు మాటల్లేవు. ఒకరు వాకిట్లోకి వస్తే ఒకరు లోపలికి పోతున్నారు. ఇక మిగిలింది పొయ్యి ఒక్కటే. అదీ ఈ రోజుతో రెండయింది.

విమానం రెక్కలోని దూలం కోసింది యాకమ్మ భర్త సారయ్య కాదు. సావిత్రి.

పోయిన బుధవారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని వేళ కొట్టంలోకి పోయి, విమానం ఎడమ రెక్కలో ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉన్న దేవదారు దూలాన్ని తన చేతులతోనే కోసింది. 

ఆ విమానం సావిత్రి భర్త రాజమల్లు తొమ్మిదేళ్ళ కష్టం. పగలు కాలేజీ వర్క్‌షాపులో ఫిట్టర్ పని, సాయంత్రం ఇంటికి రాగానే విమానం పని. దాని కోసం మూడు మగ్గాల కొట్టంలో రెండు మగ్గాలు పీకేశారు. ఒక పాత కారు ఇంజను పరకాల నుంచి వచ్చింది. దూలం కూడా అక్కడే, పడగొట్టిన ఒక జిన్నింగు మిల్లులో దొరికింది. రెక్కల బట్ట సారయ్య నేశాడు. కుట్లు సావిత్రి వేసింది. వాళ్ళుండే కాశిబుగ్గలో ఆ ఇంటిని అందరూ 'విమానపోళ్ళ ఇల్లు' అనేవారు. మొదట్లో నవ్వుతూ అన్నారు. తర్వాత నవ్వడం మానేశారు, పేరు మాత్రం ఉండిపోయింది.

ఆ వచ్చే ఆదివారం మామునూరు పాత రన్‌వే మీద దాన్ని గాలిలోకి లేపుతానని రాజమల్లు ఊరందరికీ చెప్పాడు. "మనిషెత్తు లేపి దింపుతనంతే, ఫికర్ జెయ్యకు" అని ఇంట్లో చెప్పాడు. ఆ చెప్పిన మనిషే మంగళవారం సాయంత్రం కాలేజీ నుంచి ఒక ఫారం తెచ్చాడు.

"ఈడ సంతకం పెట్టు" అన్నాడు.

తను పోతే తనకు రావలసింది ఎవరికి చెందాలో రాసిచ్చే కాగితం అది. ఇన్నేళ్ళ నౌకరీలో ఏనాడూ దాని ఊసెత్తనివాడు ఆ మంగళవారం తెచ్చాడు. సావిత్రి పేరు, ఎదురుగా 'భార్య' అన్న మాట ముందే రాసి ఉన్నాయి. అక్షరాలు వంకర లేకుండా, పొందికగా ఉన్నాయి. తీరిగ్గా కూర్చుని రాసినట్టున్నాడు.

సావిత్రి ఏమీ అడగలేదు. సంతకం పెట్టింది. మర్నాడే కోసింది.

బట్ట చింపడానికి మాత్రం ఆమెకు చేతులు రాలేదు. రవికె విప్పినట్టు తన కుట్లు తనే బ్లేడుతో మూరెడు మేర విప్పి, బట్ట పక్కకు తొలగించి, అప్పుడు రంపం పెట్టింది. సాయంత్రం ఆయన రాగానే చెప్పేద్దామనే అనుకుంది. ఆయన వచ్చాడు, విప్పిన కుట్టు దగ్గర వంగి చూశాడు. నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "అన్ననే కోసిండు."

ఆ మాట విన్నాక ఆమె నిజం చెప్పలేకపోయింది. ఆదివారం వచ్చింది, పోయింది. ఎవరూ గడప దాటలేదు.

యాకమ్మ నల్లా దగ్గర ఉండగానే సావిత్రి కొట్టం తలుపు దగ్గరికి వెళ్ళింది. బావ ఎదురుగా నిలబడి మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. తలుపు చాటున, సగం లోపల సగం బయట నిలబడింది.

సారయ్య మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. పేక నూలు చుట్టిన నాడె చేతిలోనే ఉంది. కదలడం లేదు. పక్కనే విమానం, దాని ముక్కు మీద గోనె సంచి కప్పి ఉంది.

"బావా. ఇయ్యాల ఆయనకు జెప్త."

"ఏం జెప్తవ్?"

"నీకు ఎర్కలేదా?"

సారయ్య తెగిన పోగు ఒకటి వెతికి పట్టుకుని, రెండు కొసలూ కలిపి ముడి వేశాడు. ముడి వేయడానికి మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది.

"ఎర్కనే. బుధవారం నూలు పట్టుకొని వస్తాన. కిటికీలకెంచి చప్పుడినబడ్డది. చూస్తె నువ్వు కోస్తానవ్."

"చూసి ఊకున్నవా?"

"ఊకున్న. లోపలికొచ్చి రంపం గుంజుకోవాలె గద. కాళ్ళు రాలె. నువ్వు అయిపోగొట్టి, రంపం గోడకు తగిలిచ్చిందాంక ఆడనే నిలబడ్డ."

సావిత్రి తలుపు పట్టుకుంది. ఆరు రోజులుగా తన ఒక్కదాని గుండెల్లోనే ఉందనుకున్నది ఈ మనిషి గుండెల్లో కూడా ఉంది.

"ఎందుకు బావా?"

"ఆ రెక్కల మీదున్నది నా బట్టనాయె. అంగుళానికి ఎన్ని పోగులుండాల్నో కాగితం మీద రాసిచ్చిండు వాడు. నేసిచ్చిన. కాని ఒక్కొక్క పోగు తెగినప్పుడు పానం గిలగిలలాడేది. చీరెల పోగు తెగితే చీరె ఖరాబైతది. గా బట్టల తెగితె..." సారయ్య ఆగిపోయాడు. "పోవద్దురా అని నేన్ ఒక్కనాడు అనలేకపోయిన. వాడు సంబురంగ ఉంటే ఎట్లంట? నువ్వు కోస్తాంటె, మంచిగయింది అనుకున్న. గదీ సంగతి."

"మరి నీ మీదెందుకు ఏసుకున్నవ్? కాదని ఒక్క మాట అంటే అయిపోవు గద."

"నేను కాదంటే ఇగ ఎవలని చూస్తడు? ఇంట్ల పెద్దోళ్ళం నలుగురమే." సారయ్య నాడెను పక్కన పెట్టాడు. "అన్నదమ్ములు కొట్లాడుకుంటరు, దసరకు చేతుల జమ్మి ఆకు పెట్టుకొని మళ్ళ మాట్లాడుకుంటరు. పెండ్లాం మొగలది అట్ల గాదు. వాడు నీ మొకం చూసినప్పుడల్ల గా కోత యాదికొస్తె ఎట్ల బతుకుతవ్? నువ్వు చెప్పకు."

"అక్క వేరు పొయ్యి పెట్టింది."

"జూసిన."

"నా వల్ల ఇల్లు రెండైతాంది బావా. నాతోని అయితలేదు."

సారయ్య గుంటలోంచి పైకి లేచాడు. యాభై దాటిన మనిషి, ఆ ఆరు రోజుల్లో అరవై దాటినట్టు కనపడ్డాడు. అంగీ తొడుక్కుని, చెప్పులు వేసుకుని, ఆమె మొహం చూడకుండానే అన్నాడు.

"పరకాల పోతాన. మాపటికి వస్త. మీ అక్క అడిగితె జెప్పు."

ఇల్లు విడిచి పోవడానికేనని సావిత్రి అనుకుంది. పరకాల యాకమ్మ పుట్టిల్లు. మగ్గం వేసుకోవడానికి ఒక రేకుల కొట్టం ఇస్తానని యాకమ్మ తమ్ముడు ఎప్పటి నుంచో అంటున్నాడు. యాకమ్మ కొడుకులిద్దరూ భివండి మిల్లుల్లో ఉన్నారు. ఈ ఇంట్లో వాళ్ళను పట్టి ఉంచేది ఇక ఏముంది?

ఆ పగలంతా ఇంట్లో రెండు పొగలు లేచాయి.

యాకమ్మ కొత్త పొయ్యి సరిగా మండలేదు. ఊదీ ఊదీ కళ్ళు ఎర్రబడ్డాయి. సావిత్రి పాత పొయ్యి దగ్గర కూర్చుని బియ్యం కడిగింది, మళ్ళీ కడిగింది. వెళ్ళి ఆ పొయ్యి ఊది పెడదామని రెండుసార్లు లేచి, రెండుసార్లూ కూర్చుంది. సాయం చేయబోయి ఇంకో మాట పడే ఓపిక లేదు.

కూర దించాక యాకమ్మ అలవాటు ప్రకారం, బడి నుంచి వచ్చే సావిత్రి కూతురి కోసం, చిన్న గిన్నెలోకి రెండు గరిటెలు తీసింది. పొయ్యిలు వేరని తీశాక గుర్తొచ్చింది. గిన్నె చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, దాన్ని తీసుకొచ్చి సావిత్రి గడప మీద పెట్టి, మాట్లాడకుండా పోయింది.

సావిత్రి దాన్ని అందుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

బడి నుంచి వచ్చిన కూతురు సరస్వతి వసారాలో నిలబడి రెండు పొయ్యిలనూ చూసింది.

"అమ్మా, నేను ఏ పొయ్యికాడ తినాలె?"

ఇద్దరు ఆడవాళ్ళూ విన్నారు. ఆ పిల్ల పుస్తకాల సంచి కింద పెట్టి, తినకుండానే ఆడుకోవడానికి పోయింది.

చెప్పకుండా ఈ రోజు దాటనివ్వకూడదని సావిత్రి అప్పుడే నిశ్చయించుకుంది.

రాజమల్లు ఐదున్నరకు వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి, కాళ్ళు కడుక్కుని, వసారాలోని ఇటుకల వంక చూశాడు.

"గిదేంది?"

"అక్క వేరు వండుకున్నది."

"ఎప్పటి సంది?"

"పొద్దటి సంది."

అతను లోపలికి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ఒకప్పుడు ఇంటికి రాగానే నేరుగా కొట్టంలోకి పోయేవాడు. ఆరు రోజులుగా అటు పోవడం లేదు. టీ ఇస్తే తాగుతున్నాడు, చల్లారినా తాగుతున్నాడు.

"అన్న యాడ?" అన్నాడు.

"పరకాల పోయిండు. ఎందుకో జెప్పలే."

అతని కళ్ళు ఒక్కసారి కదిలాయి. పరకాల అంటే ఏమిటో అతనికీ తెలుసు.

సావిత్రి తలుపు దగ్గరగా వేసింది.

"నీకొకటి జెప్పాలె."

"ఇప్పుడొద్దు."

"ఇప్పుడే. దూలం కోసింది బావ కాదు. నేను."

రాజమల్లు అంగీ గుండీలు విప్పుతున్నాడు. రెండో గుండీ దగ్గర వేళ్ళు ఆగాయి. ఆ తర్వాత మూడోది విప్పాడు. అంగీ తీసి కొయ్యకు తగిలించాడు. మళ్ళీ వచ్చి అక్కడే కూర్చున్నాడు.

"ఎంతసేపు పట్టింది?" అన్నాడు.

"ఏంది?"

"కోసెటందుకు."

"గంట. ఇంకెక్కువనే."

"పడుతది మరి. పండ్లు మొద్దువడ్డయి. పదును వెడుదామనుకుంట అట్లనే ఉంచిన."

సావిత్రి అతని వంక చూస్తూ నిలబడిపోయింది. అరుస్తాడనుకుంది. చెయ్యి చేసుకుంటాడేమో అని కూడా అనుకుంది, పద్నాలుగేళ్ళలో ఒక్కసారీ చేసుకోకపోయినా. ఈ మాట మాత్రం అనుకోలేదు.

"నీకు ముందుగాలనే ఎర్కనా?"

"కుట్టు విప్పి ఉన్నది గద. వేరేటోడైతే బట్ట చింపుతడు. అన్న తను నేసిన బట్టను చింపడు, కుట్టు విప్పుడు ఆయనకు రాదు. చూడంగనే సమజైంది."

"ఎర్కుండి అన్న మీద పెట్టినవా?"

అవతల యాకమ్మ ఉందని గొంతు తగ్గించుకుంది.

"ఆరు రోజులాయె. ఆ మనిషి తలకాయ వంచుకొని తిరుగుతాండు. అక్క నల్లకాడ వాడకట్టు ఆడోళ్ళతోని కొట్లాడుతాంది. ఇల్లు రెండైంది. ఎర్కుండి ఎట్ల ఊకున్నవ్?"

"నీ మీద పెడితె 'ఎందుకు కోసినవ్' అని అడగాలె గద. నువ్వు ఆ ఫారం మాట ఎత్తుతవ్. అప్పుడు నేను జెప్పాల్సొస్తది."

"ఏంది జెప్పేది?"

రాజమల్లు అరచేతులు మోకాళ్ళ మీద పరచుకుని చూసుకున్నాడు. ఆ చేతుల గీతల్లో పట్టేసిన నూనె నలుపు ఏ సబ్బుకూ పోయేది కాదు.

"పోయిన నెల మామునూరుల విమానం ఉరికిచ్చి చూసిన రోజు ఇంజన్ ఆగిపోయిందని జెప్పిన గద. ఆగిపోలె. నేనే బందు జేసిన."

సావిత్రి అతని దగ్గరికి జరిగింది.

"జానెడు లేచింది సావిత్రీ. చక్రాల కింద నేల చప్పుడు బందైంది. తొమ్మిదేండ్లు గా ఒక్క నిమిషం కోసమే కూసున్న. లేవంగనే ఇగ నేల దొరుకదనిపిచ్చింది. చేతులు నావి కానట్టయినయ్. దింపినంక ఎంతసేపు దిగలేదో ఎర్కనా? అందరు ఉరికొచ్చి, మల్లన్నా ఏమైంది ఏమైంది అంటాన్లు. ఇంజన్ ఆగిందన్న."

"మరి ఆదివారం లేపుతనని ఎందుకన్నవ్?"

"అడిగిన్లు గద. కాలేజీల పెద్దసారు అడిగిండు. పేపరోళ్ళు ఇంటికొచ్చి ఫోటో దీసుకున్నరు. అన్న రెండు మగ్గాలు పీకిండు నా కోసం. వాళ్ళందరి ముంగట భయమైతాందని ఎట్ల జెప్పాలె? పొయ్యొస్తనే అనుకున్న. రాకుంటె ఎట్లని ఫారం తెచ్చిన." అతను అరచేతులు బోర్లించాడు. "దూలం కోసి ఉన్నది చూసినప్పుడు మొదలు నాకు కోపం రాలె. బరువు దిగినట్టయింది. గా బరువు దిగినందుకు నా మీద నాకు రోతవుట్టి, అన్న పేరు చెప్పిన. అన్న కోసిండంటే జనం నమ్ముతరు. నేను భయపడ్డనంటే ఇగ ఏముంటది నాకు?"

సావిత్రి మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఈ మనిషి మీద కోపం రావాలో జాలి పడాలో ఆమెకు తెలియలేదు. రెండింటికీ ఓపిక లేదు. తొమ్మిదేళ్ళు ఈ మనిషి ఆకాశంలోకి పోతాడని భయపడింది. ఈ నెల రోజులుగా అతనూ అదే భయంతో అదే చాప మీద పడుకున్నాడు. ఒకరికొకరు చెప్పుకోలేదు.

"అన్న రాంగనే జెప్పు" అంది చివరికి. "కాళ్ళమీద పడు. ఇప్పుడు నాకు జెప్పింది జెప్పు. ఇల్లు ఇడిచి పోకముందు జెప్పు."

రాజమల్లు తల ఊపాడు. నిజంగానే ఊపాడు. అతని మొహంలో ఆరు రోజుల్లో మొదటిసారి కొంచెం తేట కనిపించింది.

"జెప్త" అన్నాడు.

అప్పుడే వాకిట్లో రిక్షా గంట మోగింది. ఒకసారి కాదు, దారి తప్పుకోమన్నట్టు ఆగకుండా మోగింది. "పైలం, పైలం" అని సారయ్య గొంతు. ఆ గొంతులో హుషారు ఉంది.

ఇద్దరూ బయటికి వచ్చారు.

రిక్షా మీద అడ్డంగా కాదు, పొడుగునా, ముందు రిక్షావాడి తల దాటి, వెనక రెండు గజాలు బయటికి చాచి, ఒక పొడుగాటి దేవదారు దూలం కట్టి ఉంది. వెనక కొసను సారయ్య పట్టుకుని నడిచి వస్తున్నాడు. అంగీ అంతా చెమట. గల్లీలో ఇంటింటికీ ఇద్దరు ముగ్గురు బయటికి వచ్చి చూస్తున్నారు.

"ఆ మిల్లుది ఇంకోటున్నదని నువ్వే అంటివి గద మల్లూ" అన్నాడు సారయ్య. ఆరు రోజుల తర్వాత తమ్ముడితో అన్న మొదటి మాట అది. "మిల్లు పడగొట్టిన కాంట్రాక్టరు ఇయ్యనంటె ఇంటిముంగట కూసున్న. బస్సు మీద కట్టిపిచ్చుకొచ్చిన. మొదటి దానికంటె మంచిగున్నది చూడు, ఒక్క కన్ను, ముడి లేదు. రెండు నెలలల్ల రెక్క తయారైతది."

రాజమల్లు నోరు తెరిచాడు.

సారయ్య గల్లీలో నిలబడ్డవాళ్ళ వైపు తిరిగాడు.

"అందరు ఇనున్లి. కోసింది నేనే. కోపంల కోసిన. నేనే తెచ్చిన. ఇగ దీని మీద ఎవ్వలు ఏం మాట్లాడద్దు."

వసారాలో కొత్త పొయ్యి దగ్గర నిలబడ్డ యాకమ్మ చేతిలోంచి ఊదుగొట్టం జారింది.

"నువ్వా?" అంది.

సారయ్య ఆమె వైపు చూడలేదు.

"నువ్వేనా కోసింది? ఆరు రోజులు నల్లకాడ అందరి నోళ్ళల్ల పడ్డ నీ కోసం. మా వోడు కాదు, మా వోనికి రంపం పట్టుడు రాదని ఒట్లు వెట్టుకున్న. నాకన్న ఒక్క మాట జెప్పకపోతివి."

ఆమె ఏడవలేదు. మొహం మాత్రం ఉన్నచోటే ముసలిదైపోయింది.

"తర్వాత మాట్లాడుకుందాం తియ్" అన్నాడు సారయ్య. "పట్టు మల్లూ. ముంగటి కొస నువ్వు పట్టు. గల్లీల తిరుగదు, సీదా లోపటికి పోవాలె."

రాజమల్లు దిగి వెళ్ళాడు. తాళ్ళు విప్పారు. ముందు కొస అతని భుజం మీదికి, వెనక కొస సారయ్య భుజం మీదికి ఎక్కింది. ఇద్దరూ ఒకే అడుగుతో గడప వైపు నడిచారు. అలా నడిచి ఎన్నాళ్ళయిందో.

గడప మధ్యలో సావిత్రి ఉంది.

రాజమల్లు ఆమె ముందు ఆగాడు. అతని కళ్ళు ఆమె కళ్ళను తప్పించుకుని తలుపు మీద ఆగాయి.

"జర పక్కకు జరుగు" అన్నాడు మెల్లగా.

ఆమె జరగలేదు. యాకమ్మ వైపు తిరిగింది.

"అక్కా, బావ అబద్ధమాడుతాండు. కోసింది నేను."

గల్లీలో ఎవరో గట్టిగా ఊపిరి తీశారు. దూలం వెనక కొస ఒక్కసారి కదిలింది.

"సావిత్రీ!" అన్నాడు సారయ్య.

"ఎందుకు కోసిననో మీ మరిదిని అడుగక్కా. మామునూరుల ఏమైందో జెప్పమను. మీ అందరి ముంగట జెప్పినంకనే జరుగుత."

రాజమల్లు భుజం మీద దూలంతో అలాగే నిలబడ్డాడు. చెమట చెంప మీదుగా జారి గడ్డం దగ్గర ఆగింది. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

దూలం అవతలి కొస నుంచి సారయ్యకు తమ్ముడి మొహం కనపడటం లేదు.

"మల్లూ" అన్నాడు. "ఏమైందిరా మామునూరుల?"

రాజమల్లు దూలాన్ని భుజం మీద సర్దుకుని సావిత్రి కళ్ళలోకి చూశాడు.

"బరువున్నదిరా, జెప్పు" అన్నాడు సారయ్య మళ్ళీ.